ఏ పూటకు ఏ గుమ్మము

గడచిన మాఘమాసములో ఒకనాటి తెల్లవారుజామున, ఓరుగల్లులో తెలుగు పాఠములు చెప్పు నా మిత్రులొకరు, రామమోహన గ్రంథాలయములో పాత పత్రికలను చూచుకొనవలెనను కోరికతో మా ఊరు వచ్చి, విజయవాడ స్టేషను వెలుపల నా కొరకు నిలిచియుండిన పది నిమిషములలోనే, ఆకలికి తాళలేక, ఆటో నానుకొని టీ త్రాగుచున్న నడివయస్కుని చేరి "ఏమండీ, మీ ఊళ్లో మంచి హోటలేదండీ?" అని అడిగిరట. ఆతడు గ్లాసు దించకయే "ఏ పూటకండీ?" అని తిరిగి ప్రశ్నించెనట. మిత్రులు తెల్లబోయి చూచుచుండగా ఆతడే అందుకొని, "పొద్దున ఇడ్లీకైతే ఒకచోటండీ, పెసరట్టుకైతే ఇంకోచోటు. మధ్యాహ్నం భోజనానికి గవర్నర్‌పేటలోకి రావాలి. సాయంత్రం పునుగులకి హోటలెందుకండీ, బండి దగ్గర నిలబడితే సరి. రాత్రికంటారా, మీరు నీచు తింటారో లేదో ముందు చెప్పండి" అని గుక్క తిప్పుకొనకుండ చెప్పినాడట. నేను చేరుకొనునప్పటికి మిత్రులు ఇంకను ఆ మాటనే తలపోయుచుండిరి. "మా ఊళ్లో అడిగితే హోటలు పేరు చెప్తారు. మీ ఊళ్లో పూట అడుగుతున్నారేమిటండీ?" అనిరి.

ఈ గవర్నర్‌పేటలో నలుబది యేండ్లకు పైగా కాపురమున్న నేను ఆ ప్రశ్నను ఎన్ని వందల మారులు వింటినో, ఎన్ని మారులు వేసితినో లెక్కలేదు గాని, అందులో ఒక ఊరి చరిత్ర ఇమిడియున్నదని ఆనాటి వరకు నాకు తోచలేదు. తెలుగున భోజనశాలకు పుట్టిన మొదటి పేర్లలోనే పూట యున్నది కదా. పూటకూళ్ల యిల్లు అంటిమి. అనగా పూటకు ఇంతయని పుచ్చుకొని కూడు పెట్టు ఇల్లు. ఆ మాటలో పదార్థము పేరు లేదు, యజమాని పేరు లేదు, వీథి పేరు లేదు. వచ్చినవాని ఆకలి వేళ మాత్రమే యున్నది. అందుచేత ఆటో తోలు ఆ పెద్దమనిషి అడిగినది క్రొత్త ప్రశ్న కాదు, మన భాష తన పుట్టుకతో తెచ్చుకొన్న ప్రశ్నయే.

ఊరికి వచ్చిన క్రొత్తవానికి ఎక్కడ తినవలెనో చెప్పు వాఙ్మయము మనకు చిరకాలము నుండి కలదు. వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామములో గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు కాకతీయుల యోరుగంటి వీథుల వెంట తిరుగుచు, అంగళ్లను, ఆటలను, దేవళములను చూచుచు, మధ్యాహ్నపు వేళకు ఒక పూటకూళ్లింటి ప్రసంగమునకు వత్తురు. అచట సువాసన గల యన్నము, అప్పుడు కాచిన నేయి, పప్పు, పండ్లు, గడ్డపెరుగు మొదలైనవన్నియు లక్ష్మణవజ్ఝలవారి యింట ఒక్క రూకకు లభించునని కవి యొక పద్యములో ఇల్లు చెప్పి, వంటకములు చెప్పి, ధర కూడ చెప్పినాడు. అయిదారు వందల యేండ్ల నాటి యా పద్యమున కంటె నిక్కమైన సిఫారసు నేను నేటికిని చదువలేదు. రుచి బహు బాగుండునని గాలిలో మాట విడుచుట కాదు. పైకమెంత, పదార్థమేది, గుమ్మమెవరిదో తేటపరచుట. స్టేషను నుండి నడచుచు ఈ ముచ్చట చెప్పగా, ఓరుగల్లు మిత్రులు "అయితే మా ఊరికీ ఆ అలవాటు ఉండేదే, మేమే మరిచిపోయాం" అని నొచ్చుకొనిరి.

1830లో మద్రాసు నుండి కాశికి బయలుదేరి మరుసటి యేడు తిరిగివచ్చిన ఏనుగుల వీరాస్వామయ్యగారును తమ కాశీయాత్రచరిత్రలో మజిలీ మజిలీకి ఇదే పని చేసిరి. ఏ యూరిలో నీళ్లు మంచివి, ఎచట బియ్యము పప్పులు దొరకును, ఎచట దొరకవు, దిగుటకు చావడియో సత్రమో కలదా లేదా యని వారు వ్రాసి పెట్టిన వివరము తరువాతి బాటసారులకు ప్రాణాధారమువంటిది. ఆ కాలమున దారిబత్తెము మూటగట్టుకొని పోవుటయో, సత్రమును నమ్ముకొనుటయో తప్ప దారిలో వేరు తెరువు అరుదు. అన్నమును అమ్ముట పాపమని తలచిన సమాజము మనది. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ గాని వేళ వచ్చిన బాటసారికి సైతము పొయ్యి రాజేసి వండిపెట్టి అపరాన్నపూర్ణయని పేరొందిరి. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి తన పట్టాభిషేక సందర్భమున ఆమె చిత్రపటమును తెప్పించుకొనెనన్న సంగతి మన తాతలు గర్వముతో చెప్పుకొనెడివారు. అట్టి దేశమున డబ్బు పుచ్చుకొని అన్నము పెట్టుటను వృత్తిగా గైకొనుటకు ఎవరు సాహసించిరి? వేరు దిక్కు లేనివారు. గురజాడవారి కన్యాశుల్కమున పూటకూళ్లమ్మను ఎరుగని తెలుగువాడు లేడు. నాటకము చూచునప్పుడు ఆమె చేతి చీపురును చూచి నవ్వుదుము గాని, భర్త పోయి, చదువు లేక, ఆస్తి లేక, చేతి వంటయొక్కటే ఆధారముగా మిగిలిన వేలకొలది స్త్రీలకు ఆమె ప్రతినిధి యనియు, నేడు మనము మెచ్చుకొను తెలుగు భోజనమునకు బజారులో స్థానము కల్పించినవారిలో వారు ముఖ్యులనియు తలపము. తరువాతి కాలపు హోటళ్ల పలకలపై వారి పేర్లు లేవు. ఈ వ్యాసము వ్రాయుటకు నాకు కలిగిన కారణములలో అదియొకటి.

ఇక గవర్నర్‌పేట మాట. ఈ పేట పూర్వపు బెజవాడ కాదు. పాత బెజవాడ ఇంద్రకీలాద్రి పాదమున, కృష్ణ యొడ్డున, అమ్మవారి గుడి నీడలో నున్న ఊరు, నేటి వన్‌టౌను. 1852 మొదలు 1855 వరకు కృష్ణకు ఆనకట్ట కట్టి, దాని నుండి ఏలూరు వైపునకు, బందరు వైపునకు కాలువలు త్రవ్వినప్పుడు, ఈ ఊరు నీటిబాటలకు కూడలి యైనది. ఏలూరు కాలువ గోదావరిని కలుపగా, కొమ్మమూరు కాలువ బకింగ్‌హాం కాలువతో కలసి మద్రాసు దాక పడవలను పోనిచ్చినది. 1889లో నిజాము రైలు బెజవాడ చేరినది. 1893లో కృష్ణపై రైలు వంతెన నిలిచినది. 1899లో మద్రాసుతో సంబంధమేర్పడినది. నాలుగు దిక్కుల నుండి వచ్చు బండ్లు ఇచట నిలిచి, ఇంజనులు నీరు త్రాగి, ప్రయాణికులు దిగి మారి ఎక్కుటకు గంటల తరబడి కాచుకొనియుండవలసి వచ్చెడిది. అట్లు కాచుకొన్నవాని యాకలియే గవర్నర్‌పేట వంటిండ్లకు మూలధనము. కాలువల కీవలి వైపున క్రొత్తగా పెరిగిన ఈ పేటలో కచేరీలు, వకీళ్ల ఇండ్లు, ఆసుపత్రి, వర్తకుల కొట్లు, తరువాత నాటకశాలలు, సినిమాహాళ్లు వెలసినవి. 1911లో అయ్యంకి వెంకటరమణయ్యగారి దీక్షతో రామమోహన గ్రంథాలయము పుట్టినది. కోర్టు వాయిదాకు వచ్చిన పల్లెటూరి రైతు, పుస్తకమునకై వచ్చిన విద్యార్థి, ఆసుపత్రిలో రోగికి తోడుగా నున్నవాడు, అత్తవారింటికి పోవుచు రైలు తప్పినవాడు, వీరందరును ఈ పేటకు పూటకూటి చుట్టములు.

1921వ సంవత్సరము మార్చి 31వ తేదీనను, ఏప్రిల్ 1వ తేదీనను అఖిల భారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమైనప్పుడు, పింగళి వెంకయ్యగారు గాంధీమహాత్మునకు పతాకమును సమర్పించిన ఘట్టమును మన పాఠ్యపుస్తకములు చెప్పును. ఆ దినములలో మహాత్ముని చూచుటకు ఊరిలోనికి వచ్చిన జనసమ్మర్దమునకు అన్నము వండి వార్చిన చేతులను గూర్చి పాఠ్యపుస్తకములు చెప్పవు. చరిత్ర వ్రాయువారు వేదిక మీది వారిని చూచినంతగా వంటశాలను చూడకపోవుట మనకు పూర్వము నుండి యున్న లోపము.

కాఫీ వచ్చిన తరువాత పూటకూళ్ల యింటికి హోటలను పేరు వచ్చినది. ఇంగ్లీషువానికి హోటలనగా బస; తెలుగువానికి హోటలనగా తిండి. బస కావలసిన వానికి లాడ్జియని మరియొక మాటను తెచ్చుకొంటిమి గాని, హోటలును మాత్రము వంటయింటికే యిచ్చివేసితిమి. ఉడిపి నుండి వచ్చిన వంటవారు, అరవదేశము నుండి వచ్చిన అయ్యరులు ఇడ్లీని, సాంబారును, వడపోత కాఫీని రైలుమార్గము వెంట ఊరూర ప్రవేశపెట్టిరి. మనవారు ఇడ్లీని స్వీకరించి, దాని ప్రక్కన అల్లపు పచ్చడి నుంచి, పైన కారప్పొడి చల్లి, నేయి పోసి, దానిని తమ దానినిగా చేసికొనిరి.

అయితే ఆ గుమ్మములు అందరికిని తెరచియుండలేదన్న సత్యమును దాచి, రుచులను మాత్రమే తలచుకొనుట నాకు న్యాయముగా తోచదు. స్వాతంత్ర్యమునకు పూర్వపు కాఫీహోటళ్లలో బ్రాహ్మణులకు వేరు గది, ఇతరులకు వేరు గది యుండుట దక్షిణదేశమంతట వాడుక. హరిజనులనబడినవారికి లోపల చోటే లేదు. వెలుపల నిలబడి, వేరుగా నుంచిన గ్లాసులో త్రాగి, దానిని తామే కడిగి పెట్టవలసినవారు మన తాతల కాలమున మన ఊళ్లలోనే యుండిరి. కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో నాస్తిక కేంద్రమును స్థాపించిన గోరాగారు పున్నమి రాత్రులలో సకల కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి సహపంక్తి భోజనములు నడిపించిరి. 1947లో ఆ కేంద్రము విజయవాడలోని పటమటకు తరలివచ్చినది. 1950 జనవరి 26న అమలులోనికి వచ్చిన రాజ్యాంగము తన పదునైదవ అధికరణములో, దుకాణములలోనికి, రెస్టారెంటులలోనికి, హోటళ్లలోనికి ప్రవేశించుటకు జాతి, కుల, మత, లింగ, జన్మస్థల భేదము లడ్డు రాకూడదని శాసించినది. అంత గొప్ప శాసనములో హోటలను మాట చేరవలసివచ్చినదనగా, హోటలు గడప నాటికి ఎంత ఎత్తుగా నుండెనో ఊహింపవచ్చును. నేడు గవర్నర్‌పేటలో ఎవరైనను ఎవరికైనను ఏ గుమ్మమునైనను చూపగలుగుచున్నారన్నచో, ఆ సిఫారసు వెనుక ఈ పోరాటమున్నది.

ఉదయపు పూటకు ఈ ప్రాంతమువారు ముందుగా చెప్పు పేరు, గవర్నర్‌పేటను ఆనుకొనియున్న గాంధీనగరములోని బాబాయి హోటలు. అది 1942 నాటిదని చెప్పుదురు. 1942వ సంవత్సరమనగా ఏప్రిల్ 6వ తేదీన విశాఖపట్టణము మీదను, కాకినాడ మీదను జపానువారి బాంబులు పడిన యేడు; కోస్తా యంతయు భయముతో కలగుండు పడిన యేడు. ఆ యేట పొయ్యి వెలిగించిన హోటలు నేటికిని అదే పేరున ఇడ్లీ పెట్టుచున్నది. హైదరాబాదులో కూడ ఆ పేరు వినబడుచున్నది. ఆ పేరులోనే నాకు మక్కువ. విలాసమనియు, భవనమనియు పెట్టుకొన్న పేర్ల నడుమ, వడ్డించువానితో చుట్టరికము కలుపుకొన్న పేరది. అచట ఇడ్లీ మీద వెన్న నుంచుట ప్రసిద్ధి. మిత్రులను నేను ముందు తీసికొనిపోయినది అచటికే. పొగలు క్రక్కు ఇడ్లీ మీద వెన్నముద్ద అంచుల వెంట కరగి పళ్లెములోనికి జారుచుండగా, ఇడ్లీని చిదిమి, అల్లపు పచ్చడిలో అద్ది, కారప్పొడి అంటించి నోటనుంచుకొన్న మిత్రులు చాలసేపు మాటాడలేదు.

ఈ వెన్న, ఈ నేయి ఎచటివన్న ప్రశ్నకు సమాధానము ఊరి వెలుపలి పల్లెలలో నున్నది. కాలువ నీటితో రెండు పంటలు పండిన నేల వరిగడ్డి నిచ్చినది, గడ్డి గేదెల నిచ్చినది, గేదెలు పాల నిచ్చినవి. ఆ పాలు తెల్లవారకముందే సైకిళ్ల మీద బెజవాడ హోటళ్లకు చేరెడివి. నిమ్మకూరు నుండి వచ్చి ఈ ఊర చదువుకొన్న నందమూరి తారక రామారావుగారు, విద్యార్థి దశలో ఇచటి హోటళ్లకు పాలు పోసెడివారని ఆయన జీవితకథలు చెప్పుచున్నవి. ఆనకట్ట లేనిచో కాలువ లేదు, కాలువ లేనిచో గడ్డి లేదు, గడ్డి లేనిచో ఇడ్లీ మీద వెన్న లేదు.

పెసరట్టు సంగతి కొంత వివరముగా చెప్పవలెను; ఏలయనగా ఇడ్లీ వలసవచ్చినది గాని, పెసరట్టు ఈ నేల బిడ్డ. కృష్ణ, గుంటూరు, గోదావరి మండలములలో వరి కోసిన మాగాణిలో మిగిలిన చెమ్మకే పెసలును మినుములును చల్లుదురు. ఆ పెసలను పొట్టుతో నానబెట్టి, అల్లము, పచ్చిమిరపకాయలు, జీలకర్ర చేర్చి రుబ్బినచో ఆకుపచ్చని పిండి యగును. దీనిని ఇడ్లీ పిండి వలె పులియబెట్టనక్కరలేదు. రుబ్బినది రుబ్బినట్లు పెనము మీద వేయవలెను, నిలువయుంచినచో రుచి తగ్గును. అందుచేతనే పెసరట్టుకు వేళ ముఖ్యము. పెనము మీద గరిటతో సున్నాలు చుట్టుచు పలుచగా పరచి, పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలును అల్లపు ముక్కలును చల్లి, అంచు చుట్టు నేయి విడిచి, అడుగు ఎర్రబారువరకు తాళి, మడచి పెట్టుదురు. లోపల ఉప్మా నుంచి మడచినది మరియొక తీరు. ప్రక్కన చింతపండు పులుపు, బెల్లపు తీపి, ఎండుమిరప కారము కలసిన అల్లపు పచ్చడి లేనిచో అది పెసరట్టు కానేరదు. వంటవాడు పెనము మీద నీళ్లు చిలుకరించి చీపురుతో తుడుచునప్పుడు పుట్టు ఆ చుఱ్ఱుమను శబ్దమును వినుచు, వరుసలో తన వంతుకై నిలబడినవాని మొగములోని యోపికను మీరు చూచియుండిరేని, ఈ ఊరివారు పేరు కంటె పూటను ముందు చెప్పుట ఏలనో గ్రహింతురు.

గవర్నర్‌పేట నడిబొడ్డున బీసెంటు రోడ్డు కలదు. అనిబిసెంటమ్మ పేరు మోసిన ఆ వీథిలో నేడు చీరల కొట్లును, చెప్పుల బండ్లును, గాజుల తట్టలును నిండి నడుచుటకు చోటుండదు. ఆ రద్దీలోనే లక్ష్మీవిలాస మోడరన్ కేఫ్ అను పేరు గల శాకాహారశాలయు, దానితో నంటిన లాడ్జియు చిరకాలముగా ప్రసిద్ధము. నలుపు తెలుపు గళ్ల నేలతో 1940 ప్రాంతపు వాసన నిలుపుకొన్న ఆ కట్టడము విదేశీ యాత్రికుల కొరకు అచ్చైన మార్గదర్శక గ్రంథములలోనికి సైతము ఎక్కినది. విలాసమును, మోడరనును, కేఫును ఒకే పలక మీద కూర్చిన ఆ పేరే నాటి బెజవాడ మనస్సును చూపును. పాతదానిని విడువలేదు, క్రొత్తదానిని వెలివేయలేదు.

అట్టి శాలలకు రాత్రివేళ జీవము పోసినది సినిమా. 1921లో పోతిన శ్రీనివాసరావుగారు పాతబస్తీలో నెలకొల్పిన మారుతి హాలు తరువాత, కాలువ కీవల దుర్గాకళామందిరము మొదలగునవి వెలసి, గాంధీనగరమంతయు సినిమా పంపిణీ కచేరీలతో నిండినది. రెండవ ఆట విడిచిన తరువాత ఆకలితో వీథిలోనికి వచ్చు జనము కొరకు అర్ధరాత్రి వరకు పొయ్యి ఆరని హోటళ్లుండెడివి. వారితో పాటు పత్రికలవారు. 1952లో విశాలాంధ్ర, 1960లో ఆంధ్రజ్యోతి ఇచటనే దినపత్రికలుగా వెలువడినవి, ఆంధ్రప్రభయు వచ్చినది. 1948 డిసెంబరు 1న ఆరంభమైన ఆకాశవాణి కేంద్రమున బాలాంత్రపు రజనీకాంతరావుగారు, మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు వంటివారు పనిచేసిరి. ఏలూరు రోడ్డున పుస్తక ప్రచురణశాలలు బారులు తీరినవి. అచ్చుయంత్రము రాత్రి నడచును, అచ్చుకూర్చువానికి రాత్రియే ఆకలి. తెలుగుదేశము తెల్లవారి చదివిన వార్తలెన్నియో గవర్నర్‌పేట కాఫీతో కన్నులు తెరచుకొన్నవారు దిద్దినవే.

మధ్యాహ్నపు భోజనమును గూర్చి సంగ్రహముగా చెప్పుట నాకు చేతకాదు. విస్తరి పరచి, నీళ్లు చిలుకరించి, కుడిప్రక్కన పచ్చళ్లు, పొడి, కూర, వేపుడు వడ్డించి, నడుమ అన్నము వచ్చిన వెంటనే ముద్దపప్పును, నేతిని పోసి, "ఆవకాయ వేయమంటారా?" అని వడ్డించువాడు వంగి అడుగునప్పుడు వద్దనువానిని నేనెన్నడును చూడలేదు. గోంగూరకు ఉల్లిపాయ ముక్క, దోసకాయ పప్పునకు వడియము, పులుసునకు అప్పడము, చివర గడ్డపెరుగునకు వేసవిలో నూజివీటి రసమో, బంగినపల్లి ముక్కయో తోడు. అన్నమునందు సైతము కాలము మార్పు తెచ్చినది. మా చిన్ననాట అక్కుళ్లును, అట్రగడలును ఇండ్లలో వినబడిన పేర్లు. 1986లో బాపట్ల పరిశోధనా స్థానము నుండి విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, వచ్చిన తరువాత భోజన హోటళ్ల విస్తళ్లలో ఆ సన్నన్నమే నిలిచినది. మా పల్లెల నుండి ఈ విస్తరిలోనికి నడచివచ్చిన మరియొక పదార్థము ఉలవచారు. ఎడ్లకు పెట్టుటకై ఉలవలను పెద్ద కాగులలో ఉడికించి, ఉలవలు ఎడ్లకు వేసి, ఆ నీటిని మాత్రము కుండకెత్తి, కట్టెల పొయ్యి మీద సన్నని సెగను గంటల కొలది మరుగనిచ్చి, చింతపండు చేర్చి, చిక్కబడిన తరువాత తాళింపు పెట్టి, వేడియన్నములో మీగడతోనో వెన్నతోనో కలుపుకొనెడివారు. ఎద్దును, రైతును ఒకే గింజ పోషించినది. నేడది హోటళ్లలో గొప్ప పేరుతో వచ్చుచున్నది, బిరియానీలోనికి కూడ ప్రవేశించినది. మంచిదే గాని, కుండ అడుగున పట్టిన ఆ చిక్కదనము తొందర వంటకు రాదని మాత్రము చెప్పక తప్పదు.

భోజనమునకు కూర్చుండ తీరిక లేనివారికి క్యారియరు కలదు. ఇంట అన్నము వండుకొని కూరలు మాత్రము కొనుక్కొనువారికి కర్రీపాయింటు కలదు. రాత్రికి మాంసము, చేప, రొయ్య కోరువారికి మిలిటరీ హోటలను పాత పేరు నిన్నమొన్నటి వరకు నోళ్లలో నానినది.

సాయంకాలము మాత్రము పైకప్పుతో పని లేదు. ఎండ వాలగానే వీథి మలుపులలో బండ్లు నిలుచును. మూకుడులో నూనె కాగును. పుల్లబడిన పిండిని చేతి వ్రేళ్లతో చుక్కలు చుక్కలుగా నూనెలోనికి జారవిడుచు ఆ చేతివాటమును చూచుటకే నేను పలుమారులు నిలబడుదును. పునుగులు తేలి, తిరిగి, ఎర్రబడి, జల్లెడగరిటలోనికి వచ్చుటకు ఎంతయో సేపు పట్టదు; కాగితములో పోసి, పైన చట్నీ వేసి యిచ్చిన వానిని నాలుక కాలుచుండగా తినుటయే ధర్మము. ఆ బండి వెనుక నిలిచినవారిలో స్త్రీలు మిక్కుటము. వారిని చూచినప్పుడెల్ల నాకు ఆనాటి పూటకూళ్లమ్మలు జ్ఞప్తికి వత్తురు.

2014లో రాష్ట్రము విడిపోయిన తరువాత రెండు మూడేండ్లలో హైదరాబాదు నుండి తరలివచ్చిన ఉద్యోగులు ఈ ఊర మరల అదే ప్రశ్న నడిగిరి. ఇప్పుడు చేతిలోని ఫోను నక్షత్రములను లెక్కపెట్టి చూపును. చల్లని గదుల భోజనశాలలు బందరు రోడ్డు పొడవునను వెలసినవి. వానిని నేను నిందింపను. శుభ్రతయందు అవి పాతవానికి పాఠము చెప్పినవి. కాని ఫోను గుమ్మమును చూపగలదే గాని, నీవు ఏ వేళకు వచ్చితివి, ఏ బండికి పోవలెను, కడుపులో ఏమున్నదని అడుగదు. ఆ ప్రశ్న అడుగుట ఆతిథ్యములోని మొదటి భాగము. ఇంట పెట్టలేనివాడు సైతము ఆ ప్రశ్నతో అతిథికి సగము విస్తరి పరచినట్లే.

మా మిత్రులు గ్రంథాలయములో మూడు దినములు పనిచేసికొని, నాల్గవనాటి మధ్యాహ్నపు బండికి బయలుదేరిరి. ఆ ఉదయము బందరు తొక్కుడులడ్డు పొట్లమొకటి వారి సంచిలో నుంచితిని. సెనగపిండి పూసను నేతిలో వేయించి, రోట దంచి, జల్లించి, పాకముతో మరల తొక్కి కట్టు ఆ లడ్డు దూరప్రయాణమునకు చెడదు. ఈ ప్రాంతపు అతిథికి అదే సాగనంపు. స్టేషనులో వారు, తాము తిన్న హోటళ్లు పుట్టిన యేండ్లు, పెట్టినవారి పేర్లు వ్రాసిన పుస్తకమేదైన కలదా యని అడిగిరి. అట్టి పుస్తకము నా చేతికి ఇంతవరకు తగులలేదు.

2028లో కృష్ణకు పుష్కరములు వచ్చును. లక్షలమంది ఈ ఊరు వచ్చి, స్నానమాడి, తడి బట్టలతో మెట్లెక్కి, ఎదుటనున్న వారిని "ఇక్కడ తినడానికి ఏముందండీ?" అని అడుగుదురు. గవర్నర్‌పేటలో, గాంధీనగరములో, పాతబస్తీలో భోజనహోటలు గాని, కాఫీహోటలు గాని, మెస్సు గాని నడపిన కుటుంబములవారు తమ ఇండ్లలోని పాత ధరల పలకలను, భోజనపు టిక్కెట్లను, ఛాయాపటములను పారవేయక, పొయ్యి మొదట వెలిగించిన యేడును, మొదట గరిట పట్టిన ఆడవారి పేరును ఒక కాగితము మీద వ్రాసి యుంచవలెనని ప్రార్థించుచున్నాను. తమ తల్లుల, అవ్వల పేర్లను ముందుగా వ్రాయుడు.